గుత్తి కోట కింద చాప

పోయిన దసరా సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ గుత్తి కోట చూద్దామని బయల్దేరాం. అనంతపురం నుంచి గుత్తి ఎంత దూరం గనక? కారెక్కితే గంట. చిత్రాన్నం డబ్బా, పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసాలు, ఒక ఫ్లాస్కు, ఒక చాప. చాప మాత్రం నేనే పట్టుబట్టి వేయించాను.

కొండ మొదట్లో దిగగానే మనవడు నా చెయ్యి పట్టుకుని, "జేజీ, పైకి రావా?" అన్నాడు.

"మీరు పోయి రాండి నాయనా, నేనీడనే కూర్చుంటా" అన్నాను.

మాట నోట్లోంచి వచ్చాక నాకే ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే నలభై ఏడేళ్ళ కిందట ఇదే కోటకి కాలేజీ అమ్మాయిలం పన్నెండు మందిమి రైల్లో వచ్చాం. సగం దారిలో నా చెప్పు తెగితే రెండో చెప్పు కూడా చేత పట్టుకుని, కాలే రాళ్ళ మీద వట్టి కాళ్ళతో పై దాకా ఎక్కాను. కింద చెట్టు నీడన కూర్చుండిపోయిన మా లెక్చరరమ్మను చూసి, "పాపం, ఇంత దూరం వచ్చి ఏం లాభం!" అని నవ్వుకున్నాం కూడా. ఆవిడకి అప్పుడు యాభై దాటి ఉండవు. నాకిప్పుడు అరవై ఆరు.

ఇది నా ఒక్కదాని సంగతే అయితే మోకాళ్ళ మీద నెట్టేసి ఊరుకునేదాన్ని. కానీ నా ఈడు స్నేహితురాళ్ళందరిదీ ఇదే వరస. ఒకప్పుడు "ఎక్కడికి పోదాం?" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు "గది కింది అంతస్తులోనేనా? వేడినీళ్ళు వస్తాయా? కుర్చీలా కూర్చునే దొడ్డి ఉందా?" అని అడుగుతున్నాం. ఊరి పేరు ఆ తర్వాత. వయసుతోపాటు మనిషి సాహసం నుంచి సుఖానికి జారుకుంటాడన్న మాట. ఇది ఇప్పటి సంగతేనా, పూర్వం నుంచీ ఇంతేనా? పిల్లలు కొండెక్కి దిగేదాకా నాకు చాప మీద వేరే పనేముంది గనక! కోడలు చిన్నవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని నా పక్కన కూర్చుంది. నేను ఆలోచనలో పడ్డాను.

ముందు పెట్రార్క్ గుర్తొచ్చాడు. ఆయన ఇటలీ కవి. 1336 ఏప్రిల్‌లో, ముప్ఫై ఒక్క ఏళ్ళ వయసులో, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఫ్రాన్సు దేశంలో వెంతూ అనే కొండ ఎక్కాడు. అంత ఎత్తునుంచి లోకం ఎలా ఉంటుందో చూద్దామనే ఎక్కానని తనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. కొండ మొదట్లో వాళ్ళకి ఒక ముసలి గొర్రెలకాపరి ఎదురయ్యాడట. వద్దు బాబూ, నేనూ యాభై ఏళ్ళ కిందట మీలాగే ఉబలాటంతో ఎక్కాను, ఒళ్ళు గీరుకుపోయి, బట్టలు చిరిగిపోయి, అనవసరంగా ఎక్కానే అన్న విచారం తప్ప నాకు దక్కిందేమీ లేదని చెప్పాడట. కుర్రాళ్ళు వింటారా? అతను వద్దన్నకొద్దీ వీళ్ళకి హుషారెక్కువైంది. చిత్రమేమిటంటే, అదే పెట్రార్క్‌ని 1358లో ఒక మిత్రుడు జెరూసలేం యాత్రకి రమ్మని పిలిస్తే, సముద్రమంటే భయమని రానన్నాడు. కానీ స్నేహితుణ్ణి ఉత్తచేతులతో పంపలేదు. ఇంట్లో కూర్చునే, దారిలో ఏమేం చూడాలో వివరంగా ఒక పుస్తకం రాసి ఇచ్చాడు. కొండెక్కిన కుర్రాడు ఇరవై రెండేళ్ళలో ఇంటిపట్టున ఉండే పెద్దమనిషి అయిపోయాడు.

అయితే ఆరు వందల ఏళ్ళుగా మనుషులింతేనన్నమాట అనుకుని తృప్తిపడబోయాను. అంతలో మన వాళ్ళు గుర్తొచ్చారు. మన తెలుగువాళ్ళలో వరస పూర్తిగా తిరగబడి ఉంది సుమండీ!

ఆలోచించండి. మన అమ్మమ్మల కాలంలో చిన్న వయసులో ఆడవాళ్ళకి ప్రయాణమంటే ఏమిటి? పుట్టిల్లు. అక్కడ అమ్మ తల దువ్వుతుంది, వదిన వడ్డిస్తుంది, పొద్దెక్కేదాకా నిద్రపోవచ్చు. అంతకంటే సుఖం ఏ హోటల్లో దొరుకుతుంది? అసలు సిసలు సాహసం తలనెరిశాక వచ్చేది. పిల్లల పెళ్ళిళ్ళయి, బాధ్యతలు తీరి, తాళంచెవులు కోడలి కొంగున పడ్డాకే కాశీయాత్ర. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని సామెత. తిరిగొస్తే గంగసంతర్పణ, రాకపోతే ముక్తి. సాహసానికి ఇంతకంటే ధీమా ఏం కావాలి?

ఏనుగుల వీరాస్వామి గారినే చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. అప్పటికాయనకి సుమారు యాభై ఏళ్ళు. వెంట తల్లి, భార్య, నౌకర్లు, బోయీలు అంతా కలిపి దాదాపు వందమంది. మన పొరుగున ఉన్న కడప సీమ మీదుగా అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు, నాగపూరు దారిన కాశీకి వెళ్ళారు. ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 1838లో ఆ 'కాశీయాత్ర చరిత్ర'ను అచ్చువేయించారు. అది చదువుతుంటే నాకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. మజిలీ మజిలీకీ నీళ్ళు మంచివా కావా, దిగడానికి వసతి ఉందా, అంగళ్ళలో ఏమేం దొరుకుతాయి అన్న లెక్కే! అచ్చం మేము గది గురించి ఆరా తీసినట్టే. ఆ వయసులో ఆ అడవులు దాటడం సాహసమే, కానీ ఆ సాహసం నిండా సుఖం కోసం వెతుకులాటే.

నాకు అప్పుడు విషయం కాస్త తెలిసొచ్చింది. సుఖాన్ని కోరుకోవాలంటే ముందు అది దొరకాలి గదా! దారంతా కష్టమే అయినప్పుడు పడుచువాడికీ కష్టమే, ముసలివాడికీ కష్టమే. ఇక ఎంచుకునేదేముంది? 1841లో ఇంగ్లండులో టామస్ కుక్ అనే ఆయన సుమారు ఐదు వందల మందిని తలా ఒక షిల్లింగుకి లీసెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైల్లో తీసుకెళ్ళాడు. విహారయాత్ర అమ్ముడుపోయే సరుకు కావడానికి అదొక మొదలు. మన గుత్తికి కూడా పంతొమ్మిదో శతాబ్దంలోనే మద్రాసు–బొంబాయి రైలు దారి వచ్చింది. 1956లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి సెలవు ప్రయాణపు రాయితీ పెట్టారు. అంతవరకు యాత్ర అంటే తెలియని ఇళ్ళలో హోల్డాళ్ళు, కూజాలు కొన్నారు. దారి సులువయ్యాక వరస తిరగబడింది. పడుచువాళ్ళు ముందు బయల్దేరి కొండలు పంచుకున్నారు. పెద్దవాళ్ళకి చాప మిగిలింది.

ఇక మా సీమ సంగతి. ఇక్కడ సుఖమంటే పరుపు కాదు, నీళ్ళు. దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేరు తర్వాత మాదేనని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. ఏడాదికి యాభై అయిదు సెంటీమీటర్లు పడితే పండగే. అందుకే ఇక్కడ ఊళ్ళ పేర్లలో కూడా సముద్రాలుంటాయి. బుక్కరాయలకాలంలో, 1364 ప్రాంతంలో, మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకి అడ్డంగా కట్టించిన చెరువులే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. మా ఊరికి పేరు వచ్చిందీ అక్కణ్ణించే. ఆ బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ప్రాణమిచ్చి ఊరిని కాపాడిందని చెప్పుకునే ముసలమ్మ పేరుకే ముసలమ్మ. నిజానికి పడుచు కోడలు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమె మీదనే కావ్యం రాశారు. చెరువు నిండిన ఏడు ఆ కట్ట మీదికి సద్దిమూటలు కట్టుకుని పోవడమే మా చిన్నతనంలో విహారయాత్ర. నీళ్ళు చూడడమే వేడుక.

పెనుగొండ కథ కూడా సుఖం చుట్టూ తిరిగేదే. మా పీఠభూమి దక్షిణాన ఎత్తు, ఉత్తరానికి పల్లం. హిందూపురం వైపు రెండువేల అడుగుల ఎత్తు ఉంటుంది కాబట్టి గాలి కాస్త చల్లన. పెనుగొండ విజయనగర రాజుల వేసవి విడిది అని చెబుతారు. గగన్‌మహల్ చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. 1565 జనవరిలో యుద్ధం వచ్చింది. అళియ రామరాయలు అప్పటికే బాగా వృద్ధుడు. పల్లకీలో కూర్చుని యుద్ధభూమికి వచ్చి, అక్కడే పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమలరాయలు దొరికిన ధనమంతా ఏనుగుల మీదికెత్తించి నేరుగా పెనుగొండకే వచ్చాడు. చల్లగాలికని వచ్చే ఊరు రాజధాని అయి కూర్చుంది. ఇప్పుడు పెనుగొండా, లేపాక్షీ 2022లో ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి లెండి. అయినా మా నోట్లో అవి అనంతపురానివే.

ఇంతకీ నా నెత్తిమీద ఉన్న గుత్తి కోట సంగతి చెప్పనేలేదు. ఈ కొండ అంచున మురారిరావు గద్దె అని ఒక చిన్న కట్టడం ఉంది. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడుతూ, ఉయ్యాల ఊగుతూ పొద్దుపుచ్చేవాడని చెప్పుకుంటారు. కిందికి చూస్తే కళ్ళు తిరిగే అంచు అది. జీవితమంతా గుర్రం మీద గడిపిన మనిషి, చివరికి ఉయ్యాల మీద కూర్చున్నా సరే, కొండ అంచునే వేయించుకున్నాడు! కానీ ఆయన్ని పడగొట్టింది కత్తి కాదు. హైదర్ అలీ నెలల తరబడి కోటను చుట్టుముడితే, పైన నీళ్ళు అయిపోయాయి. 1776లో కోట వదులుకోక తప్పలేదు. అంత ఎత్తు కొండ మీద అన్ని బావులు తవ్వించుకున్నా, కరువు సీమలో చివరి మాట నీళ్ళదే.

ఈ గుత్తికే సంబంధించిన ఇంకొక మనిషి కథ నన్ను మరీ పట్టుకుంది. మన్రో దొర. మా సీమ వాళ్ళకి ఆయన కొత్త కాదు. ఆయన పేరుమీద పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు కూడా. గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780లో సైన్యంలో కేడెట్ కుర్రాడిగా మద్రాసులో దిగాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి ప్రధాన కలెక్టరు. అనంతపురమే ఆయన ఠాణా. కచేరీలో కూర్చుని దస్త్రాలు తిరగేసే రకం కాదు. గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగి రైతులతో ముఖాముఖి మాట్లాడి శిస్తు లెక్కలు చూశాడు. సాహసమంటారా, ఆ ఎండలో ఆ తిరుగుడు సాహసమే.

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. వయసు మళ్ళింది. ఇక చాలు, ఇంటికి పోతానని దొరలకి రాసుకున్నాడు. 1826లో బిడ్డకి ఒంట్లో బాగాలేక భార్య ముందుగా సీమకి వెళ్ళిపోయింది. తనకి బదులు వచ్చే గవర్నరు కోసం ఎదురుచూడటమే మిగిలింది. అప్పటికే సల్లివాన్ దొర నీలగిరిలో బంగళా కట్టాడు. ఊటీ చల్లదనం మన్రో స్వయంగా చూసి వచ్చినవాడే. 1827 వేసవిలో ఆయన హాయిగా అక్కడికి పోయి చలిమంట దగ్గర కూర్చోవచ్చు. ఎవరూ కాదనేవాళ్ళు లేరు.

ఆయన మాత్రం మే నెలాఖరున మా దత్తమండలాలకి బయల్దేరాడు. వెళ్ళిపోయేముందు ఒక్కసారి చూసిపోదామని! దారిలో పరివారంలో కలరా పట్టుకుంది. గుత్తి దాటాక ఆయనకీ సోకింది. జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తికి తెచ్చి ఇక్కడే సమాధి చేశారు. తర్వాత అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన పేరుమీద గుత్తిలో సత్రం కట్టారు. పోబోయేవాళ్ళకి మాత్రమే కనబడే బంగారు తోరణం గండి లోయలో ఆయనకి కనబడిందని మా సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పుడాయనకి అరవై ఆరు. అంటే నా వయసు. ఆ ప్రయాణాన్ని ఏమనాలి? సాహసం కోసం వెళ్ళలేదు, ఎరగని చోటు కాదు. సుఖం కోసమా, మే నెలలో గుత్తికి సుఖం కోసం ఎవరొస్తారు! తన పడుచుతనం ఎక్కడ గడిచిందో ఆ ఊళ్ళనీ, ఆ మనుషుల్నీ చూసుకోవాలని వచ్చాడు. నాకనిపిస్తుంది, వయసు మళ్ళాక మనం వెళ్ళేది కొత్త చోట్లకి కాదు, తెలిసిన చోట్లకి. కొండ ఎక్కకపోయినా కొండ కిందికైనా ఎందుకొచ్చానంటారు మరి? ఊరికే కూర్చోవాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద ఐదెకరాల నీడ ఉంది. దానికి 1989లో గిన్నిస్ పుస్తకంలో పేరు కూడా వచ్చింది. అయినా నేను గుత్తికే చాప తెచ్చుకున్నాను.

ఇంతలో శెనక్కాయలు అమ్ముకునే ఆవిడ గంప దించి మా పక్కన కూర్చుంది. నాకంటే పదేళ్ళు చిన్నదేమో. మాటల్లో అడిగాను, ఎప్పుడైనా ఎక్కడికైనా పోయివస్తుంటావా అని.

"పోకేమ్మా! ఏటా వానల్లేని నెలలన్నీ బెంగుళూరు. నేనూ, మా ఇంటాయనా, ఇద్దరు కొడుకులూ. కట్టడం పనికి పోతాం. మాకు సెలవంటే ఇంటికాడ ఉండేదే గదమ్మా" అంది నవ్వుతూ.

నా నోటికి మాట రాలేదు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో ఈ సీమ జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు వదిలారు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. వేరే జిల్లా అయింది 1882లో. ఆ నడక ఇంకా పూర్తిగా ఆగలేదు. ప్రయాణంలో సాహసమా, సుఖమా అని తూకం వేసుకునేది ఇంట్లో గింజలున్నవాళ్ళం. గింజల కోసం బయల్దేరేవాళ్ళకి గమ్యం ఎప్పుడూ ఇల్లే. ఒక సేరు శెనక్కాయలు కొన్నాను. కొన్నంత మాత్రాన తీరే బాకీ కాదనుకోండి.

ఆవిడ గంపెత్తుకుని పోయాక పక్కకి చూశాను. కోడలు తల పైకెత్తి కోటవైపు చూస్తోంది. మా అబ్బాయీ, పెద్ద పిల్లలిద్దరూ రెండో వాకిలి దాటి చీమల్లా కనబడుతున్నారు. చిన్నవాడు నిద్రలేచి ఆమె గాజులతో ఆడుకుంటున్నాడు.

"నువ్వెందుకు పోలేదు?" అన్నాను.

"మీరొక్కరే అయిపోతారు గదా అత్తా. పైగా వీడొకడు. అన్నం డబ్బాలు కూడా ఉన్నాయి" అంది.

గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ పిల్లకి ముప్ఫై నాలుగు. పెట్రార్క్ కొండెక్కిన వయసుకి కాస్త అటూ ఇటూ. ఆ వయసులో నేనేం చేశానో అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఈ కోటకి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఇక్కడే కూర్చున్నాను. ఒకసారి చంటిపిల్ల, ఒకసారి అత్తగారి ఆయాసం, ఒకసారి క్యారియరు దగ్గరికి కోతులు వస్తాయన్న భయం. నా మోకాళ్ళు మొన్న మొన్నటిదాకా శుభ్రంగా ఉన్నాయి. నేను కూర్చుండిపోయింది వయసు వల్ల కాదు, ఎవరో ఒకరు కూర్చోవాలి గనక. ఆనాటి మా లెక్చరరమ్మ కూడా మా పన్నెండు మంది సంచులు కాస్తూ కూర్చుందేమో! మేం చూసి నవ్వాం.

పుస్తకాల్లో కొండలెక్కిన వాళ్ళూ, గుడారాలు వేసిన వాళ్ళూ, కాశీకి నడిచిన వాళ్ళూ ఉన్నారు. వీరాస్వామి గారి వెంట వెళ్ళిన తల్లీ, భార్యా ఏ మజిలీ ఇష్టపడ్డారో, ఏ కొండ చూసి ఎక్కాలని ఉబలాటపడ్డారో వాళ్ళ మాటల్లో మనకి మిగల్లేదు. ఆడదానికి సుఖం కోరే వయసు తొందరగా వస్తుందంటారు. రాదమ్మా, మనమే తెచ్చిపెడతాం. మా అత్తగారు నాకు తెచ్చిపెట్టారు. పాపం, ఆవిడకి ఎవరు తెచ్చిపెట్టారో!

"చిన్నోణ్ణి ఇట్లియ్యి. డబ్బాలు నేను చూసుకుంటా. నువ్వు పో" అన్నాను.

"ఇప్పుడా? వాళ్ళు పైకి పోయినారు గదా అత్తా..."

"అయితేనేం, దారి యాడికీ పోదు. ఆ గద్దె దాకా పోయి, అంచున నిలబడి చూసి రా. నీళ్ళ సీసా తీసుకో."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని లేచింది. మొదటి మలుపు దాకా పెద్దమనిషిలా నడిచింది. మలుపు తిరిగాక, నేను చూడటం లేదనుకుందేమో, రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

గంటన్నర తర్వాత అందరూ కలిసి దిగారు. కోడలి ముఖం ఎండకి కందిపోయింది. చీర అంచు ముళ్ళకి చిరిగింది. ఆ ముసలి కాపరి చెప్పినట్టే జరిగింది. విచారం మాత్రం ఎక్కడా కనబడలేదు.

"పైనుంచి మన చాప కనబడిందత్తా, తపాలాబిళ్ళంత!" అంది రొప్పుతూ.

చిత్రాన్నం వడ్డిస్తూ పైన ఏమేం చూసిందో ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాను. గద్దె ఉందా, బావుల్లో నీళ్ళున్నాయా, గాలి ఎట్లా ఉంది అని. వింటుంటే నా కాళ్ళకింద ఆనాటి వేడిరాళ్ళు మళ్ళీ తగిలాయి. సంక్రాంతి సెలవుల్లో పెనుగొండ పోదామన్నాడు మా అబ్బాయి. సరే అన్నాను. చాప తెస్తాను. కానీ ఈసారి దాని మీద కూర్చోవడానికి వంతులు వేసుకుందామని మా అబ్బాయికి అప్పుడే చెప్పేశాను.